సుందరరావు గారి మూడో క్లచ్

2023 వర్షాకాలం. ధవళేశ్వరంలో కాలువ పక్కన నాదో చిన్న కార్ల షెడ్డు. క్లచ్, గేర్‌బాక్స్ పనులు తప్ప వేరేవి పెద్దగా ముట్టుకోను. పాటల సిస్టమ్ బిగించమనో, అద్దాలకి ఫిల్మ్ అంటించమనో వచ్చేవాళ్ళని పక్క షెడ్డుకి పంపించేస్తాను. అందుకే చుట్టుపక్కల నాకు పొగరని పేరు. ఉన్నమాటే.

ఆ రోజుల్లో సుందరరావు గారు తన పాత డీజిల్ కారుతో మళ్ళీ వచ్చారు. యాభై ఐదు దాటిన మనిషి. రొయ్యల మేత అమ్మే ఓ కంపెనీ తరఫున చెరువులు చూసే పని చాలాకాలం చేశారు. ఆ కంపెనీ మూతపడింది. అంతకు కొద్దికాలం ముందే భార్య పోయారు. పిల్లలు లేరు. ఏడాది తిరక్కుండా ఆయన కారుకి రెండు క్లచ్‌లు వేశాను. ఆ రెండోది కూడా స్లిప్ అవుతోంది. అంటే యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ అరుస్తుంది గానీ బండి వేగం అందుకోదు.

“ఈసారి పెర్ఫార్మెన్స్ క్లచ్ వేసేయండి. సిరామిక్‌ది. వీడియోల్లో స్టేజ్ త్రీ అంటున్నారు. ఇంక జన్మలో కాలదంట,” అన్నారు.

“రేసులకి గానీ వెళ్తున్నారేంటండి?”

ఆయన నవ్వలేదు. దాంతో వివరంగా చెప్పక తప్పలేదు. మామూలు క్లచ్ డిస్క్‌కి ఆర్గానిక్ లైనింగ్ ఉంటుంది, మెత్తగా పట్టుకుంటుంది. సిరామిక్ వేడికి తట్టుకుంటుంది గానీ ఒక్కసారిగా పట్టేస్తుంది. మెల్లగా కదిలిద్దామంటే కారంతా వణుకుతుంది. డిస్క్‌ని నొక్కి ఉంచే ప్రెషర్ ప్లేట్ కూడా గట్టిది వేయాలి, దాంతో పెడల్ బరువెక్కుతుంది. ఇంజన్‌ని ట్యూన్ చేయించి పవర్ పెంచినవాళ్ళకి ఇవన్నీ అవసరం. ఈయన ఇంజన్ ఫ్యాక్టరీ నుంచి వచ్చింది వచ్చినట్టే ఉంది. పైగా ఎప్పుడో మోటార్ సైకిల్ మీంచి పడి ఆయన ఎడమ మోకాలు దెబ్బతింది. ఆ కాలితో బరువు పెడల్ ఎన్నాళ్ళు తొక్కుతారు? తొక్కలేక కారు మూలన పెడితే ఆయన ఇల్లు కదలడమే ఉండదు. బస్సు తిరగని ఊరు వాళ్ళది.

“మోకాలి సంగతి నేను చూసుకుంటానండి. క్లచ్ కాలకూడదు, అంతే,” అన్నారు.

ఎందుకు కాలుతోందో తేలకుండా కొత్తది వేయనన్నాను. మెల్లగా పోతే కారు ఇంకా నడుస్తోంది కాబట్టి, రోజూ తిరిగే దారిలో నన్నూ తీసుకెళ్ళమని పక్క సీట్లో కూర్చున్నాను.

చెరువుల దగ్గర నుంచి కాలువ గట్టు మీదికి ఎక్కే ఏటవాలు దారి ఒకటుంది. సరిగ్గా దాని మధ్యలో ఆగారు. బ్రేకు వేసి కాదు. హాఫ్ క్లచ్‌లో, అంటే పెడల్ సగం తొక్కి, యాక్సిలరేటర్ కాస్త ఇస్తూ, కారు వెనక్కి జారకుండా పట్టి ఉంచారు. అద్దం దించి, చెరువు పక్కన మేత బస్తా విప్పుతున్న రైతుని పలకరించారు.

“ఏం రాజు గారూ, రొయ్య ఎలా ఉంది?”

“బానే ఉందండి. ఎటు వెళ్తున్నారు?”

“ఇలా వెళ్తున్నానండి. ముసురు పట్టింది, నీళ్ళకి గాలి అందాలి, ఏరియేటర్లు తిప్పుతున్నారా?”

“తిప్పుతున్నామండి. వెళ్ళిరండి మరి.”

“ఆ, వెళ్తున్నానండి.”

వెళ్ళలేదు. మేత ధర గురించి ఒక మాట, వాన గురించి ఒక మాట. రైతు బస్తా వైపు తిరిగిపోయాక కూడా అటే చూస్తూ ఉన్నారు. ఎడమ మోకాలు సన్నగా వణుకుతోంది. కాలిన లైనింగ్ వాసన కారులోకి వచ్చేసింది. కాస్త దూరం పోయాక ఇంకో చెరువు, ఇంకో ఏటవాలు, మళ్ళీ అదే తంతు.

నాకు ఒళ్ళు మండిపోయింది.

“హ్యాండ్ బ్రేక్ దేనికుందండి? ఇంజన్ ఆపి, దిగి మాట్లాడొచ్చుగా! చేతులారా మీరే కాల్చేసుకుంటున్నారు.”

ఆయన రోడ్డు వైపే చూస్తూ చెప్పారు. “ఉద్యోగం ఉన్నప్పుడు వాళ్ళే దిగమనేవారండి. బొండాలు కొట్టించేవారు. ఇప్పుడు పనేం లేకుండా దిగితే, ఎందుకొచ్చాడా అని చూస్తారు. బండి స్టార్టింగ్‌లో, కదలబోతున్నట్టు ఉంటే, వెళ్ళిపోయేవాడేలే అని రెండు మాటలు మాట్లాడతారు.”

నా కోపం చల్లారిపోయింది. సిగ్గనిపించింది కూడా. ఓదార్పు మాటలు నాకు చేతకావు. బండి షెడ్డుకి పోనివ్వమన్నాను.

చివరికి కారు కంపెనీవాళ్ళ మామూలు క్లచ్చే వేశాను. గేర్‌బాక్స్ దించి చూస్తే, డిస్క్ ఆనుకుని తిరిగే ఫ్లైవీల్ మీద వేడికి నీలం మచ్చలు పడి ఉన్నాయి. దాన్నీ సాపు చేయించి బిగించాను. తాళం ఇచ్చేటప్పుడు, “ఇక హాఫ్ క్లచ్ వద్దండి. ఆగితే ఇంజన్ ఆపేయాల్సిందే,” అని డాక్టరు పథ్యం చెప్పినట్టు చెప్పాను. అలాగేనన్నారు.

మరుసటి ఎండాకాలం సర్వీసుకి వచ్చారు. కారు నడిపి చూస్తే క్లచ్ కొత్తదానిలాగే పడుతోంది. నా ఛాతీ ఉప్పొంగింది.

“చూశారా! ఇంజన్ ఆపి మాట్లాడుతున్నారన్నమాట,” అన్నాను.

“లేదండి. ఆగడం మానేశాను. తిన్నగా వెళ్ళి తిన్నగా వచ్చేస్తున్నాను.”

క్లచ్‌ని కాపాడబోయి, రోజూ ఆయనకి దక్కే ఆ నాలుగు మాటలూ నేనే పోగొట్టాను. క్లచ్ ఎంచుకునేటప్పుడు ఇంజన్ పవర్ చూడాలి, మోసే బరువు చూడాలి, రోడ్డు చూడాలి అని ఏళ్ళ తరబడి వచ్చినవాళ్ళందరికీ పాఠం చెబుతున్నాను. బండి నడిపే మనిషి దారిలో ఎక్కడ ఆగుతాడో, ఎవరికోసం ఆగుతాడో కూడా చూడాలని నాకు తెలిసింది ఈయన వల్లే.

ఆయన తాళం కోసం చెయ్యి చాచారు. నేను ఇవ్వకుండా జేబులో వేసుకున్నాను.

“క్లచ్ కేబుల్ ఓసారి చూడాలండి. టైమ్ పడుతుంది, కూర్చోండి.”

“పర్లేదండి, కూర్చుంటాను,” అన్నారు వెంటనే. స్టూలు ఆయనే లాక్కున్నారు. ఆ పూట రొయ్యల గురించి నాకు అక్కర్లేనివి ఎన్నో చెప్పారు.

కేబుల్‌కి ఏమీ కాలేదు. అప్పటినుంచి నెలకోసారి అది చూపించుకోవడానికి వస్తున్నారు. చూడాల్సిందేమీ లేదని ఆయనకీ తెలుసనుకుంటాను.