పరీక్ష సులువుగా వచ్చిన రోజు

నాకు ముక్కు మీద కోపం. మనుషుల మీద అయితే ఫరవాలేదు, ఎదుటివాళ్ళు నాలుగు తిట్టి ఊరుకోబెడతారు. నా కోపమంతా ఇంగ్లీషు పేరాల మీద. అమీర్‌పేటలో ఒక బాయ్స్ హాస్టల్లో, నాలుగు మంచాల గదిలో, కిటికీ పక్క మంచం మీద కూర్చుని తిమింగలాల గురించి ఒక పేరా చదువుతుండేవాణ్ణి. "కొందరు పండితుల అభిప్రాయం ప్రకారం" అన్న చోట టక్కున ఆగిపోయేవాణ్ణి. "ఎవరయ్యా ఆ కొందరు? పేర్లు చెప్పు ముందు!" అని పుస్తకాన్ని నిలదీసేవాణ్ణి. ఆ గొడవలో టైమంతా అయిపోయేది. చివరికి ఆ రచయిత ఏమన్నాడో అది వదిలేసి, నాకు ఏది న్యాయం అనిపిస్తే ఆ జవాబు పెట్టేవాణ్ణి. పదింటికి మూడు వచ్చేవి.

అవి ఐటీ జోరుగా సాగుతున్న రోజులు. అమీర్‌పేటలో ఖాళీ గోడ కనిపిస్తే చాలు, జావా కోచింగ్ అనో ఒరాకిల్ కోచింగ్ అనో కాగితం అతికించి పోయేవారు. నేను అప్పటికే ఆ మెట్లన్నీ ఎక్కి దిగి, పంజాగుట్టలో ఒక చిన్న కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగంలో కుదురుకున్నాను. పక్కవాళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం నా పని. నా స్వభావానికి అంతకన్నా మంచి పని ఈ లోకంలో లేదు. అయినా బుద్ధి ఊరుకోదుగా! ఊరి చివర బండరాళ్ళ మధ్య కొత్తగా కట్టిన ఒక బిజినెస్ స్కూలును ఓ ఆదివారం బస్సులోంచి చూశాను. చేరితే ఇందులోనే చేరాలి అని అక్కడికక్కడే నిశ్చయించేసుకున్నాను.

చేరాలంటే ఒక ప్రవేశ పరీక్ష రాయాలి. కంప్యూటర్ మీద పరీక్ష, సగం లెక్కలు, సగం ఇంగ్లీషు. లెక్కలు సరే. ఇంగ్లీషు దగ్గరే వచ్చింది తంటా. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినవాణ్ణి. నాకు దొరికిన పరీక్ష తేదీకీ ఆ స్కూలు దరఖాస్తుల గడువుకీ మధ్య రెండు వారాలే ఉంది. ఒకసారి పోతే మళ్ళీ రాయడానికి నెల ఆగాలి. అంటే ఆ ఒక్కసారీ చెడిందంటే ఏడాది పోయినట్టే. ఈ సంగతి తెలిసి కూడా నేను ఆఫీసులో మా టీమ్ లీడ్‌కి "వచ్చే ఏడు నేనుండనండీ" అని ముందే చెప్పేశాను. ఆయన మహా సంతోషించి, కిటికీ పక్కనున్న నా సీటును ఇంకొకరికి రాసిచ్చేశాడు.

మొదట్లో మాటలు బట్టీ పట్టాను. మూడు వేల మాటల జాబితా జిరాక్సు తీయించి, బాత్రూం తలుపు లోపలివైపు అతికించాను. రూమ్మేట్లు తిట్టారు, తర్వాత వాళ్ళూ చదివారు. నేర్చిన మాటను ఆ రోజే వాడాలని ఎవరో చెప్పగా, ఆఫీసులో ఒక తప్పు గురించి రాస్తూ "ఈ బటన్ రికాల్సిట్రెంట్‌గా ఉంది" అని మెయిల్ పెట్టాను. టీమ్ లీడ్ పరుగెత్తుకొచ్చాడు.

"ఏంటండీ ఇది, వైరసా?"

"మొండికేసిందని అర్థమండీ."

"మరి మొండికేసిందనే రాయొచ్చుగా బాబూ! క్లయింటుకు కూడా కాపీ పెట్టేశారు!"

తీరా చూస్తే ఆ పరీక్షలో మాటల అర్థాలు అడగనే అడగరట. అడిగేది తర్కం. ఒకడు ఏదో వాదన చేస్తాడు, దానిలో చిల్లు ఎక్కడుందో మనం పట్టుకోవాలి. ఈ ముక్క చెప్పింది కోచింగ్ సార్. సత్యం థియేటర్ వెనక సందుల్లో ఒక మేడ మీద, ఫ్యాను కింద చోటు కోసం కొట్టుకునే నలభై మందికి చెప్పేవాడాయన. ఇంకో ముక్క కూడా చెప్పాడు, గొంతు తగ్గించి మరీ.

"కంప్యూటర్ మిమ్మల్ని కనిపెడుతూనే ఉంటది నాన్నా. సరిగ్గా చేస్తే కష్టమైన ప్రశ్న ఇస్తది. తప్పు చేస్తే జాలిపడి సులువైంది ఇస్తది. అందుకే చెప్తున్నా, పరీక్షలో సులువుగా అనిపించిందా, మునిగిపోయినట్టే!"

ఆ రోజు నుంచీ మా బ్యాచ్‌లో తేలికపాటి ప్రశ్న వస్తే చాలు, అందరికీ ముచ్చెమటలు పట్టేవి. ఒకడైతే సొంతంగా అర్థమైన ప్రశ్నల పక్కనల్లా దిగులుగా ఇంటూ గుర్తు పెట్టుకునేవాడు.

ఇక మా హాస్టల్ ఆంటీ గురించి చెప్పాలి. యాభై ఏళ్ళ మనిషి, ఏడో తరగతితో చదువు ఆపేసింది. పదిహేనేళ్ళుగా హాస్టల్ నడుపుతూ కుర్రాళ్ళు చెప్పే సాకులన్నీ వినీ వినీ రాటుదేలిపోయింది. బుధవారం కోడిగుడ్ల కూర, మనిషికి ఒక్కటే గుడ్డు. ఓ బుధవారం నేను రెండు తిన్నాను. ఒక గుడ్డు తగ్గిందని ఆంటీ ఆరా తీస్తుంటే, "నేనసలు ఇంకా తిననే లేదండీ, నా ప్లేటు చూడండి, కడిగే ఉంది" అన్నాను ధైర్యంగా.

"తినలేదు కాబట్టి ప్లేటు కడిగుందా, తిన్నవు కాబట్టి కడిగిపెట్టినవా?" అంది ఆంటీ.

హాలంతా ఘొల్లుమంది. నేను తల దించుకుని పైకి పోయాను.

గదిలో రూమ్మేట్లు జావాను గట్టిగా అరిచి చదువుతుంటే భరించలేక, నేను పుస్తకం పట్టుకుని పొద్దున్నే కింద మెస్ హాల్లో కూర్చునేవాణ్ణి. ఇంగ్లీషు నా బుర్రకు సరాసరి ఎక్కదు. ప్రతి వాక్యాన్నీ తెలుగులోకి తిప్పి గొణుక్కుంటే తప్ప అర్థం కాదు. ఓ రోజు ఆంటీ ఎదురుగా గోరుచిక్కుళ్ళు వలుస్తోంది.

"ఒక ఊళ్ళో పోలీసులను రెట్టింపు చేశారు. ఆ తర్వాత దొంగతనాల ఫిర్యాదులు పెరిగాయి. కాబట్టి పోలీసులను పెంచడం దండగ," అని గొణిగాను.

"ఎవడు బిడ్డా అన్నది గా మాట?" అంది ఆంటీ.

"పుస్తకంలో ఉందండీ."

"మునుపు సరిపోను పోలీసోళ్ళు లేకుండిరి, ఎవలికి చెప్పుకుంటరు? ఇప్పుడున్నరు, పోయి చెప్తున్నరు. దొంగలు పెరిగిండ్రని ఎవలన్నరు?"

వెనక పేజీ తిప్పి జవాబు చూశాను. అక్షరాలా అదే! ఇంకొకటి చదివాను. ఫలానా పేస్టుతో తోముకునేవాళ్ళకు పళ్ళు తక్కువ పుచ్చుతున్నాయి, కాబట్టి ఆ పేస్టు గొప్పది.

"గదొక్కటేనా కారణం?" అంది, చిక్కుడు తుంచుతూ. "గంత ఖరీదు పేస్టు ఏరి కొనేటోళ్ళు పండ్ల గురించి మస్తు ఫికర్ పడేటోళ్ళే ఉంటరు. వాళ్ళు బొగ్గుతోని తోమినా మంచిగనే ఉంటయ్."

అదీ కరెక్టే. పదికి తొమ్మిది చెప్పింది. ఆ పదోది చదువుతుండగా కుక్కరు కూత పెట్టడంతో సగంలో లేచిపోయింది.

ఆనాటి నుంచి రెండు నెలలు నాకు ఆమే గురువు. నేను ఇంగ్లీషులో చూసి భయపడ్డవన్నీ తెలుగులోకి మార్చి చదివితే ఉత్త చాడీలు, సాకులు, గొప్పలు! వాటిల్లో ఆంటీని మించినవాళ్ళు లేరు. దేనికైనా ఒకటే ప్రశ్న వేసేది, "గదొక్కటేనా కారణం? ఇంకోటి లేదా?" ఒక్క రోజు పుస్తకం లేకుండా దిగితే, "ఇయ్యాల ముచ్చట్లు తేలేదా?" అని చిన్నబుచ్చుకునేది. తిమింగలాల పేరా దగ్గర నేను యథాప్రకారం రెచ్చిపోతే కసిరింది కూడా.

"కొట్లాడుడు బంద్ చెయ్యి జర. ఆయన ఏమన్నడో గదే పట్టుకో. ఆయన మంచోడా కాదా నీకెందుకు? పిల్లనిస్తున్నవా?"

కోచింగ్ సార్ మూడు నెలలు చెప్పినా ఎక్కనిది ఆ ఒక్క మాటతో ఎక్కింది. పదింటికి మూడు వచ్చేవి ఆరయ్యాయి, ఏడయ్యాయి.

పరీక్ష పంజాగుట్టలో, ఒక అద్దాల మేడ మూడో అంతస్తులో. చలికి పళ్ళు టకటకలాడే ఏసీ. వ్యాసాలు రాశాను, లెక్కలు చేశాను, చివరికి ఇంగ్లీషు వచ్చింది. మొదటి ప్రశ్న చదవగానే నవ్వొచ్చింది. ఎవడో షాపువాడు కొత్త లైట్లు పెట్టాడట, బేరాలు పెరిగాయట, అదంతా లైట్ల మహిమేనట. పక్క షాపు మూతపడిందేమో చూడరా నాయనా అనుకుని, ఆ జవాబే ఉంటే టిక్కు పెట్టాను. రెండోదీ అంతే. ఐదో ప్రశ్న, పదో ప్రశ్న, అన్నీ తెలిసిన చుట్టాల్లా వస్తున్నాయి. ఆ కొందరు పండితులు వచ్చినా నేను పల్లెత్తు మాట అనలేదు.

పదిహేనో ప్రశ్న దగ్గర అనుమానం మొదలైంది. ఇంత సులువుగా ఉండటమేంటి? సార్ గొంతు చెవిలో మోగింది. కంప్యూటర్ నా మీద జాలిపడుతోంది! ఇరవయ్యోది ఇంకా సులువు. ముప్ఫయ్యోది చేస్తున్నప్పుడు నాకు నిజంగానే ఏడుపొచ్చింది. నాకు అర్థమవుతున్న కొద్దీ నేను మునిగిపోతున్నాను.

అంతా అయ్యాక తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. మార్కులు చూస్తారా, చూడకుండానే రద్దు చేస్తారా? చూస్తే ఇక రద్దు కుదరదు. తక్కువొస్తే ఆ మచ్చ ఐదేళ్ళపాటు ప్రతి దరఖాస్తులోనూ కనిపిస్తుంది. రద్దు చేస్తే ఎంతొచ్చాయో నాకే కాదు, ఎవరికీ ఎప్పటికీ తెలియదు. ఆలోచించుకోవడానికి రెండు నిమిషాలు. నేను అర నిమిషంలో తేల్చేశాను. ఏడాది ఎలాగూ పోయింది, మచ్చ ఎందుకు? రద్దు నొక్కాను. నిజంగానేనా అని అడిగింది. నిజంగానే అని నొక్కాను. పెద్ద తెలివైన పని చేసినవాడిలా తల ఎగరేసి లేచాను కూడా. చౌరస్తాలో ఇరానీ చాయ్ తాగి, ఉస్మానియా బిస్కెట్లు రెండు తిని, షేర్ ఆటోలో అమీర్‌పేట వచ్చిపడ్డాను.

ఆంటీ మెస్ హాల్లో గోంగూర ఏరుతోంది.

"ఎట్ల రాసినవ్ బిడ్డా?"

"మార్కులు చూడకుండానే రద్దు చేసేశానండీ."

"ఎందుకు?"

"ప్రశ్నలు మరీ సులువుగా వచ్చాయండీ. అంటే నేను తప్పులు చేస్తున్నట్టు లెక్క. మా సార్ చెప్పారు," అని ఆ కంప్యూటర్ జాలి కథంతా వినిపించాను.

ఆంటీ ఆకు తుంచి పళ్ళెంలో వేసింది.

"గదొక్కటేనా కారణం?" అంది.

"ఏంటండీ?"

"అల్కగ అనిపించినయంటివి. ప్రశ్నలే అల్కటివి వచ్చినయా, నీకు వచ్చుడు మొదలైందా? రెండు నెలల సంది నా ఎదురుంగ కూసుంటివి గద బిడ్డా."

ఆమె ఎదురుగా రోజూ కూర్చునే బెంచీ మీదే కూర్చుండిపోయాను. ఎవడి ఊళ్ళో పోలీసులో, ఎవడి షాపు లైట్లో, వాటిల్లో చిల్లులు వరసగా పట్టుకుంటూ వచ్చాను. నా సొంత వాదనలో అంత పెద్ద చిల్లు నాకు కనబడలేదు. తప్పులు పట్టడమే నా ఉద్యోగం మరి! ముందు ఏడుపొచ్చింది, తర్వాత అరికాలి మంట నెత్తికెక్కింది. చెప్పులేసుకుని నేరుగా సార్ దగ్గరికి పోయాను.

"అది రూలేం కాదు నాన్నా," అన్నాడాయన చల్లగా. "మీకు కొంచెం భయం ఉంటదని చెప్పా."

ఆయనను ఏమీ అనలేకపోయాను. జీవితంలో నేను పోట్లాడకుండా వచ్చేసిన చోటు అదొక్కటే. ఆ రోజు బుధవారం కాదు, అయినా ఆంటీ నా ప్లేటులో రెండు గుడ్లు వేసి, అటు తిరిగి పోయింది.

గడువు దాటిపోయింది. ఇంకో ఏడాది అదే హాస్టల్లో, అదే మంచం మీద ఉన్నాను. ఆఫీసులో కిటికీ సీటు తిరిగి రాలేదు, ప్రింటరు పక్కన కూర్చోబెట్టారు. మళ్ళీ గోరుచిక్కుళ్ళు, మళ్ళీ ముచ్చట్లు. మర్నాడు రాయబోతున్నాననగా, ఎంత సులువుగా ఉన్నా నోరు మూసుకుని మార్కులు చూసుకొమ్మని ఆంటీ నా చేత ఒట్టు వేయించుకుంది. ఈసారి చూశాను. గొప్పగా కాదు గానీ, ఆ బండరాళ్ళ మధ్య స్కూలుకు సరిపోయే మార్కులే వచ్చాయి. హాస్టల్ ఖాళీ చేస్తూ చెప్పడానికి వెళితే ఆంటీ పెదవి విరిచింది.

"పోయినసారి ఇంతకన్న ఎక్కువొచ్చినయ్ నీకు."

"మీకెలా తెలుసండీ? ఆ మార్కులు ఎవ్వరూ చూడలేదు కదా!"

"మరి తక్కువొచ్చినయని నువ్వు చూపియ్యి," అంది.

చూపించలేకపోయాను. ఇన్నేళ్ళయింది, అప్పుడప్పుడు ఆ వాదనను అన్ని వైపుల నుంచీ తిప్పి చూస్తుంటాను. ఎక్కడా చిల్లు దొరకదు.