ఆంబ్రోస్ సంచికి కుదరని ఊత

ఆంబ్రోస్ హిండిల్ ఒక్క కప్పు టీ తాగేలోపు భార్యను ఎంచుకున్నాడు. సైకిలు సీటు వెనక వేలాడే సంచికి ఊతను మాత్రం ముసలితనం వచ్చినా ఎంచుకోలేకపోయాడు.

తోలు పట్టీలతో కడితే సంచి ఊగి తొడలను తన్నేది. ఇనుప కమ్మీ వంచి పెడితే చక్రాన్ని రాసుకునేది. ఒకరోజు భార్య మార్జరీ టోస్టులు నిలబెట్టే స్టాండు కోసం ఇల్లంతా గాలిస్తే, అది సంచి కింద దొరికింది.

"టోస్టులు ఎక్కడ పెట్టుకోనూ?"

"సంచిలో పెట్టుకో. కింద స్టాండు ఉందిగా!"

ఇంగ్లండులోని లాంకషైర్ కొండల్లో ఆదివారం సైకిళ్ళ బృందాన్ని నడిపే హెస్టర్ క్లెగ్‌కి ఇదో తలనొప్పి. ఎత్తు వచ్చిందంటే చాలు, ఆంబ్రోస్ కేక వినబడేది.

"ఆగండర్రా! ఊత జారింది!"

అందరూ వానలో తడుస్తుంటే అతను తాపీగా మరలు తిప్పేవాడు. వెనకబడ్డ ముసలి ఈనోక్ టాటర్సాల్ కూడా వచ్చి, రాతిగోడ మీద చతికిలబడి తిట్లు లంకించుకునేవాడు.

"ఇంకా బిగించలేదుట్రా, చేతకానివాడా?"

"నువ్వు తిట్టేకొద్దీ మర మొండికేస్తోంది మరి!"

వీళ్ళు చేరేసరికి టీకొట్టులో వేడి బన్నులు అయిపోయేవి. బృందానికి ఓపిక నశించింది. "ఈసారి ఆ సంచి జారితే ఆంబ్రోస్‌ని ఇంట్లోనే కూర్చోమందాం" అని తేల్చేశారు.

అంత మాట అనడానికి హెస్టర్‌కి మనసొప్పలేదు. తానే ఉక్కు ఊత చేయించి, సీటు కింద బిగించింది.

"ఏనుగెక్కినా కదలదు!"

ఆంబ్రోస్ మొహం వాడిపోయింది. "అంత గట్టిదా?"

ఆ ఆదివారం సంచి బండలా నిలిచింది. హెస్టర్ మురిసిపోతూ అతని వెనకే కొండ ఎక్కుతోంది. సగం దారిలో ఆంబ్రోస్ వెనక్కి చూశాడు. ఎక్కడో దిగువన ఈనోక్ రొప్పుతూ వస్తున్నాడు. ఆంబ్రోస్ గబుక్కున దిగి, బిగుసుకున్న మరను వదులు చేయబోయాడు.

"నీకేమైనా మతిపోయిందా?" అంది హెస్టర్.

"మెల్లగా! తనకోసం ఆగుతున్నామని తెలిస్తే ఆయన రేపే సైకిలు అమ్మేస్తాడు. భార్య పోయాక ఆయనకి మిగిలింది ఈ ఆదివారమే. నన్ను తిట్టడానికి ఆగితే పరువు పోదు కదా."

"మరి వారానికో కొత్త ఊత ఎందుకు?"

"ఒకే ఊత ఎన్నిసార్లని జారుతుంది? నమ్మొద్దూ?" ఆంబ్రోస్ బుర్ర గోక్కున్నాడు. "టోస్టు స్టాండు మాత్రం నిజంగానే పనికొస్తుందనుకున్నా."

హెస్టర్ బిగించిన మర ఇసుమంతైనా కదల్లేదు. ఈనోక్ దగ్గరికి వచ్చేస్తున్నాడు. ఆంబ్రోస్ బిక్కమొహం వేశాడు. హెస్టర్ చప్పున వంగి, తన సైకిలు గొలుసు లాగి పడేసింది.

"ఈనోక్! నా గొలుసు ఊడింది. కాస్త చూడవూ?"

ఈనోక్ మొహం వెలిగిపోయింది. "నాయకురాలివై ఉండి గొలుసు వేసుకోవడం రాదూ? జరుగు, జరుగు!" అంటూ హాయిగా నేల మీద చతికిలబడ్డాడు.

పైనుంచి బృందం అరిచింది. "మళ్ళీ ఏమొచ్చిందిరా, ఆంబ్రోస్?"

ఆంబ్రోస్ ఛాతీ విరుచుకున్నాడు.

"ఈసారి నేను కాదర్రోయ్!"