దించకూడదన్న రూలు

ఏడో తరగతిలో బడి మానేసి చెట్లెక్కి కొబ్బరికాయలు దింపే పనిలోకి వెళ్ళినవాణ్ణి. అలాంటి నన్ను అమలాపురంలో మా అమ్మాయి చదివే కాలేజీకి రమ్మన్నారు. వెబ్ ప్రోగ్రామింగ్ క్లాసు రూల్స్ కాగితం మీద తండ్రి సంతకం పెడితేనే ల్యాబులోకి రానిస్తారట.

మేడం గారు ఒక్కో రూలూ చదివారు. ఆలస్యమైతే మార్కులు తగ్గుతాయి. రాసిన ప్రతి లైనూ ఎందుకు రాశారో చెప్పాలి. అన్నిటికీ "ఆయ్" అన్నాను.

"ఆఖరి రూలు, దించకూడదు. ఇంటి దగ్గర రాసుకు రమ్మన్న మొదటి వెబ్ పేజీయే మీ అమ్మాయి దించేసిందండి. ఇలాగైతే ల్యాబులోకి రానివ్వను."

"మా ఇంట్లో దింపేవాణ్ణి నేనొక్కణ్ణే అనుకున్నానండి. ఎన్ని కాయలండి?"

అమ్మాయి తల వంచుకుంది. "కాయలు కాదు నాన్నా. ఫ్రెండ్ రాసింది చూసి కాపీ కొట్టేను."

"అయితే తప్పేనండి. పక్కోళ్ళ చెట్టెక్కితే మమ్మల్నీ ఊరుకోరు. ఒక్క ఛాన్సివ్వండి, తన చెట్టు తనే ఎక్కుద్ది."

మేడం గారు నవ్వేసి సోమవారం దాకా గడువిచ్చారు. సంతకం పెట్టాను.

ఆదివారమంతా కూర్చుని అమ్మాయి సొంతంగా రాసింది. బొమ్మ ఒక పక్కకి ఒరిగింది, అక్షరాలు ఇంకో పక్కకి. అయినా సోమవారం మేడం గారు అడిగిన ప్రతి లైనుకీ జవాబు చెప్పిందట. ల్యాబులో కూర్చోమన్నారట. పేజీ వంకరగా వచ్చిందని మాత్రం ఇంటికొచ్చి దిగులు పడింది.

"వంకర చెట్టే ఎక్కడానికి సుఖమమ్మా," అన్నాను.