కుడికాలు ముందు పెట్టించిన దేవసహాయం

"ఆయన పోయినాడు టీచరమ్మా. నిద్రలోనే పోయినాడు" అని దేవసహాయం భార్య ఎస్తేరు మంగళవారం పొద్దున ఫోన్‌లో చెప్పినప్పుడు, దేవుడు నన్ను క్షమించుగాక, నేను ఆమెమీదే కోప్పడ్డాను. "ఏం మాటలమ్మా అవి! శనివారమే కదా మా ఇంట్లో నాలుగిడ్లీలు తిని, చట్నీలో ఉప్పు చాల్లేదని చెప్పి మరీ వెళ్లాడు!" అన్నాను. చావు కబురుకు ఇడ్లీల లెక్క చెప్పాను. జీవితమంతా తెలుగు పాఠాలు చెప్పిన నోరిది.

చిత్తూరులో చిన్న వెల్డింగ్ షెడ్డు ఆయన కర్మాగారం. మెట్లెక్కలేని వాళ్లను కూర్చోబెట్టుకుని, ఉక్కు పట్టాల మీద పైకీ కిందికీ పోయే కుర్చీలను ఇళ్లలో బిగించడం, ఒక్కొక్కరి ఒంటికి తగినట్టు వాటిని దిద్దడం ఆయన వృత్తి. చదివింది పదో తరగతి. చేతుల్లో మాత్రం విశ్వకర్మ కటాక్షం.

పక్షవాతం వచ్చి నా కుడిపక్క చచ్చుబడినప్పుడు, తిరుపతిలో మా చెల్లెలు కుసుమా నేనూ ఉండే ఇల్లు మేడమీదే. కింద అద్దెకున్నవాళ్లు దయతలచి ఒక గది ఇస్తే, రెండు నెలలు అక్కడే పడి ఉన్నాను. పలమనేరులో ఉండే మేనల్లుడు రవి "మెట్లు లేని ఇల్లు అత్తా, మాతో వచ్చెయ్" అన్నాడు. మంచివాడే. కానీ అక్కడ ఒక్కరికే చోటు. అరవయ్యేళ్లుగా ఒకే కంచంలో తిని పోట్లాడుకున్న అక్కచెల్లెళ్లం విడిపోవాలి. ఆ కుర్చీ కుదిరితేనే మేమిద్దరం ఒకచోట ఉంటాం.

కొలతలకు వచ్చిన దేవసహాయం మెట్లవైపు చూడనేలేదు. నా ఎదురుగా కూర్చుని కాఫీ తాగాడు, భోజనం చేశాడు, మళ్లీ కాఫీ తాగాడు. నాకు ఒళ్లు మండింది. "ఏమప్పా, పని చేసేదానికి వచ్చినావా, విందుకు వచ్చినావా?" అన్నాను.

"మెట్లు యాడికీ పోవు టీచరమ్మా. మనిషి ఎట్ల లేస్తాదో సూసినాకనే కుర్చీ. మీరు మూడుసార్లు ముందుకు ఊగి నాలుగోసారి లేస్తా ఉండారు. సీటు బెత్తెడు ఎత్తు పెంచాల" అన్నాడు.

కుర్చీ వచ్చింది. దాన్ని నడిపే మీట ఎడమచేతి కిందికి మారింది. నన్ను ఎక్కించే ముందు ఆయన తన కుడిచేతిని తువ్వాలుతో నడుముకు కట్టేసుకుని, కుడికాలు కట్టెలా బిగబట్టి, మధ్యాహ్నమంతా తానే పైకీ కిందికీ తిరిగాడు. ఊరేగింపులో ఉత్సవమూర్తిలా ఉన్నాడని కుసుమ హారతి పళ్లెం తెచ్చింది. మహానుభావుడు కళ్లకద్దుకున్నాడు కూడా!

అసలు రభస నేను ఎక్కిన రోజున జరిగింది. కుర్చీ హాయిగా పైకి చేరి, గడపవైపు తిరిగింది. బలమున్న ఎడమకాలు ముందు దించాలని ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పిన ప్రకారమే ఆయన అంతా అమర్చాడు. నేను దిగలేదు. "ఆస్పత్రి నుంచి ఇన్నాళ్లకు ఇంట్లోకొస్తూ ఎడమకాలు పెడతానా? అది నా వల్ల కాదు" అన్నాను. కుసుమ బతిమాలింది, తిట్టింది, ఏడ్చింది. రవి గడియారం చూసుకుని "ఇది జరిగే పని కాదత్తా. ఎల్లుండి కారు తెస్తా" అన్నాడు. నా మొండితనమే మమ్మల్ని విడదీస్తోందని తెలుసు. అయినా కాలు కదలలేదు.

దేవసహాయం నవ్వలేదు, విసుక్కోలేదు. "తప్పు నాదేనమ్మా. కాలు కొలిసినాను గానీ గడప కొలవలేదు" అన్నాడు. "నీకెందుకప్పా మా పట్టింపులు? నువ్వు చర్చికి పోయేవాడివి" అంటే, "మా ఎస్తేరు కొత్తింట్లోకి ఏ కాలు పెట్టిందనుకుంటా ఉండారు? ఏసయ్య గూడా ఏమీ అనుకోలేదు" అన్నాడు.

రెండు రోజుల్లో పాదాలు పెట్టుకునే పలకను రెండు ముక్కలు చేశాడు. కుర్చీ తిరగగానే కుడిపలక ముందుకు జరిగి, నేను కూర్చుని ఉండగానే నా చచ్చు పాదాన్ని గడప దాటించి ఇంట్లో పెట్టింది. ఆ తరవాత ఎడమకాలు ఆనించి లేచాను. ఫిజియోథెరపీ అమ్మాయి రెండుసార్లు చేయించి చూసి సరేనంది. "బరువు ఎడమకాలిది, మర్యాద కుడికాలిది" అన్నాడు దేవసహాయం. నాకు ఏడుపొచ్చింది. రవి కారులో పెట్టిన నా పెట్టెను తానే పైకి మోసుకొచ్చాడు, పాపం.

అంతటితో వదిలిపెట్టే మనిషి కాదు. "ఒళ్లు మారతా ఉంటాది, కుర్చీ గూడా మారాల" అంటూ నెలకోసారి బస్సెక్కి వచ్చేవాడు. నేను లేవడం చూసేవాడు, ఏదో ఒక మర బిగించేవాడు, కుసుమ వంటకు వంక పెట్టేవాడు. మొన్న శనివారం మాత్రం మెట్లమీద కూర్చుని, "ఈ కుర్చీతో పనిలేని దినమొస్తే మొదట నాకే చెప్పండి. నేనే వచ్చి ఊడదీస్తా. బిగించేదానికి పిలిసినోళ్లే గానీ ఊడదీసేదానికి ఇంతవరకూ ఎవురూ పిలవలేదు" అన్నాడు.

సత్పురుషుడు, శిల్పి, నా మొండితనానికి మర్యాద ఇచ్చిన ఏకైక మానవుడు దేవసహాయం. అలాంటివాడు మళ్లీ దొరకడు. ఆ పుణ్యాత్ముడికి నా నమోవాకం.

నిన్న పొద్దున కుసుమ చెయ్యి పట్టుకుని నా కాళ్లతో నేను మెట్లెక్కాను. ఆగలేక ఎస్తేరుకు ఫోన్ చేసి చెప్పాను. ఆమె కాసేపు ఏడ్చింది. తరవాత "ఎన్ని మెట్లు?" అని అడిగింది.

"మూడు."

"ఆయన ఉండుంటే ఈపాటికి బస్సెక్కేసుండేవాడు టీచరమ్మా" అంది.