ధాత కరువు పాఠం

నాకు కోపం తొందర. పాఠం చెప్పేటప్పుడు మరీను. జమ్మలమడుగులో ఒక హైస్కూల్లో సోషల్ చెబుతాను. తెల్లదొరల పాలన వచ్చిందంటే నా అరుపులకు పక్క క్లాసు లెక్కల టీచరమ్మ తలుపు వేసుకుంటుంది.

పోయిన ఏడు కువైట్ నుంచి వచ్చిన ఒక అమ్మాయి తొమ్మిదో తరగతిలో చేరింది. వాళ్లమ్మ అక్కడ ఇంగ్లండు సిలబస్ చెప్పే బడిలో ఆయా. ఈ పిల్లా అక్కడే చదివింది. ఒకరోజు ఆ బడి చరిత్ర పుస్తకం తెచ్చి చూపించింది. మన దేశానికి రెండే పేజీలు. రైళ్లు, తంతి, కాలువలు. కరువులకు ఒక్క వాక్యం: వానలు పడలేదు, జనం పోయారు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"చూసినారా! నూటయాభై ఏండ్ల కింద ధాత కరువులో మన సీమ జనం తిండిలేక రాలిపోతాంటే, వీళ్లు ధాన్యం ఓడలకెత్తినారు. ఆ సంగతి వాళ్ల పిల్లలకు చెప్పరు!"

క్లాసంతా చప్పట్లు. నాకు హుషారెక్కింది. ఆ అమ్మాయి మాత్రం చెయ్యెత్తింది.

"మరి మనోళ్లు చేసిన తప్పులు మన పుస్తకంలో ఉండాయా సార్?"

"కూర్చో" అన్నాను, కసిరినట్టే.

సాయంత్రం ఇంటికి పోయే ప్రొద్దుటూరు బస్సులో ఆ ప్రశ్న చెవిలో జోరీగలా తిరిగింది. ఎందుకంటే ఒక తప్పు నాకు తెలుసు. పులివెందుల దారిలో మాకు ఏడెకరాల నల్లరేగడి ఉంది. ఆ కరువులోనే మా ముత్తాత తండ్రి ఆకలికి అల్లాడేవాళ్లకు రెండే తూముల కొర్రలు కొలిచి దాన్ని రాయించుకున్నాడు. ప్రతి పెళ్లిలో ఆయన తెలివిగా చెప్పుకుని నవ్వుకుంటాం. నేనూ చెప్పాను, ఎన్నిసార్లో. గురివింద తన నలుపెరగదని ఊరికే అనలేదు.

ఇంటికి పోయి అమ్మను అడిగాను. "మనకు ఆ చేను ఇచ్చినోళ్లు ఏమైనారు?"

అమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. "ఏమో రా. బతికింటే అడగరా? ఇప్పుడదంతా ఏంటికి?"

మూడు రోజులు ఆ క్లాసులో తర్వాతి పాఠం లాగించాను. ఊరికే పిల్లల మీద విసుక్కున్నాను. నాలుగో రోజు చాక్‌పీసు పక్కన పడేసి, కొర్రల సంగతి మొత్తం చెప్పేశాను. ఆరోజు లెక్కల టీచరమ్మ తలుపు వేసుకోలేదు. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

ఆ అమ్మాయి లేచి నిలబడింది.

"ఆ చేను ఇప్పుడెవురిది సార్?"

"మాదేమ్మా" అన్నాను. "ఈ ఏడు శనగ వేసినాం."