అప్పన్న మావ తీసుకెళ్ళిన తెల్లబండి

మొన్న తామ్వే సందులో సైకిల్ రిక్షాలు బాగుచేసే ముసలాయన, ఎర్రగా కాల్చిన ఇనప పట్టీని మాడిన నూనెలో ముంచాడు. చుయ్యిమని లేచిన ఆ పొగ ముక్కుకి తగలగానే, తల సగం నెరిసిన నేను కూరల సంచీతో అక్కడే నిలబడిపోయాను. అది మా నాన్న షెడ్డు వాసన.

మా పెద్దలు సముద్రం దాటి వచ్చి స్థిరపడిన ఈ నగరంలో, పజుండౌంగ్ కాలవ ఒడ్డున ఉండేది ఆ షెడ్డు. వానాకాలమంతా రేకుల మీద ఎడతెగని మోత, కింద గ్రీజు కలిసిన నీళ్ళు, కాలవ బురద వాసన, పక్క వీధిలో మొహింగా సేమ్యా అమ్మే ఆవిడ కుండలో ఉడికే చేపల పులుసు వాసన. తింజాన్ నీళ్ళపండగకి ఇరుగుపొరుగులు పంపిన, లోపల బెల్లం ముక్క దాచిన బియ్యప్పిండి ఉండలైనా, దీపావళికి అమ్మ వండిన బూరెలైనా, ఏదో ఒక కారు ఇంజను మూత మీద కాగితం పరుచుకుని తినడమే మాకు అలవాటు. ఆ కార్లు మామూలువి కావు, ఇద్దరే పట్టే ఇంగ్లీషు స్పోర్ట్స్ కార్లు. సైన్యం గద్దెనెక్కి దేశం తలుపులు మూయకముందు కొన్ని, ఆ తర్వాత ఏ విదేశీ అధికారి వెంటో వచ్చినవి కొన్ని, ఇక్కడే ఉండిపోయాయి. బయటినుంచి ఒక్క బోల్టు కూడా రాని రోజులవి. చక్రాల మీద కుదుపు తట్టుకునే కమాన్ కట్ట విరిగితే నాన్న పాత లారీ కమాను తెచ్చి, కోసి, కాల్చి, సుత్తితో వంపు తీసి బిగించేవాడు. రేకుపని మా అమ్మ తమ్ముడు అప్పన్న మావది. బయట అందరికీ అతను కో తున్, ఈ దేశపు వాళ్ళు పిలుచుకునే పేరు. తుప్పుతిన్న తలుపుకి డ్రమ్ము రేకు కోసి అతికాడంటే అతుకెక్కడో కనిపించేది కాదు. పని లేనప్పుడు నన్ను సీట్లో కూచోబెట్టి, నోటితో ఇంజను చప్పుడు చేస్తూ కారు చుట్టూ పరిగెత్తేవాడు.

పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిదిలో షెడ్డులో రెండు బళ్ళుండేవి. ఎర్రది పైకప్పు లేనిది, వానొస్తే కాన్వాసు గుడ్డ లాక్కోవాలి. తెల్లదానికి కప్పు వెనక్కి వాలి ఉండేది, వెనక అద్దం తలుపులా పైకి లేచేది, సీట్ల వెనక ఒక మనిషి ముడుచుకుని పడుకునేంత చోటుండేది. మావకి తెల్లదాని మీదే మనసు. నాన్న మాత్రం ముట్టుకోనిచ్చేవాడు కాదు.

"ఏటి బావా, అంత బయమేటి దానికాడ?" అన్నాడొకసారి మావ.

నాన్న రెండు చేతులూ చాపి చూపించాడు. "ఎర్రదానికి ఎనక సక్రాలు రెండూ ఒకే ఇరుసు మీద ఉంటాయి, ఎలా తిప్పినా నిలబడతాది. దీనికి అడ్డంగా ఒకటే కమాను, ఏ సక్రం దానిదే. మలుపులో బయపడి ఏక్సిలేటరు మీంచి కాలు తీసీసేవనుకో, బయటి సక్రం కిందకి ముడుసుకుపోద్ది. బండి బోల్తాయే."

ఆగస్టులో విద్యార్థులు సైనిక ప్రభుత్వం మీద తిరగబడి వీధుల్లోకొచ్చారు, బడులు మూసేశారు. ఇంట్లో చెల్లికి జ్వరం. అమ్మ దానితో ఇంటి దగ్గరే ఉండిపోతే, నాన్న నన్ను తనతో షెడ్డుకి తీసుకొచ్చాడు. ఆ పొద్దున నగరం నడిబొడ్డున ఉన్న చౌక్తడా వైపునుంచి కెరటాల్లా వచ్చిన నినాదాలు ఒక్కసారి ఆగిపోయి, తుపాకులు పేలాయి. కాసేపటికి ఇద్దరు మనుషులు ఒక కాలేజీ అమ్మాయిని మోసుకొచ్చారు. తొడలో గుండు దిగింది, ఇక్కడి ఆడవాళ్ళూ కట్టే లుంగీ అంతా నల్లగా తడిసిపోయింది. పెద్దాసుపత్రికి చేర్చడానికి బండి కావాలన్నారు. ఎర్రదాంట్లో పడుకోబెట్టే చోటు లేదు. నాన్న తెల్లదాని వెనక అద్దం ఎత్తి, అమ్మాయిని లోపల పడుకోబెట్టి, తాళం తీసుకున్నాడు.

నేను నాన్న నడుం పట్టుకున్నాను. ఏడవలేదు, అరవలేదు, పట్టుకున్నానంతే. వేళ్ళు విడదీస్తే మళ్ళీ పట్టుకున్నాను. లోపల ఆ అమ్మాయి మూలుగుతోంది.

"గుంట ఒగ్గడం నేదు బావా. నానెల్తాను," అంటూ మావ నాన్న చేతిలోంచి తాళం లాక్కున్నాడు.

"మలుపులో కాలు తియ్యకు అప్పన్నా!" అని నాన్న అరిచాడు. మావ విన్నాడో లేదో తెలియదు.

ఎంతోసేపు కాకుండానే జనం పరిగెత్తుకుంటూ వచ్చి చెప్పారు. వీధి చివర మలుపు తిరుగుతుంటే ఎదురుగా సిపాయిలు కనిపించారట, బండి ఒక్కసారి తడబడి తిరగబడిందట. నాన్న నన్ను చంకనేసుకుని పరిగెత్తాడు. బండి బోర్లా పడి ఉంది, వెనక చక్రం కడుపులోకి ముడుచుకుని ఉంది. మావ ఒంటి మీద గుండు దెబ్బ ఒక్కటీ లేదు. ఊపిరీ లేదు. ఆ అమ్మాయిని అప్పటికే ఎవరో భుజాన వేసుకుని తీసుకుపోయారు. బతికిందో లేదో మాకు ఎప్పటికీ తెలియలేదు.

కర్మకాండ అయ్యాక ఒక మధ్యాహ్నం, అమ్మ నాన్న ఎదురుగా వచ్చి నిలబడింది. "ఆ బండి సంగతి తెలిసినోడివి నువ్వు. నా తమ్ముణ్ణంపి నువ్వెందుకుండిపోయేవు?"

నేను గుమ్మంలోనే ఉన్నాను. నాన్న నా వైపు చూడనైనా లేదు. "నాకు బయమేసింది," అన్నాడు.

ఆ తర్వాత అమ్మ ఆయనకి అన్నం పెట్టేది, బట్టలు ఉతికేది. ఎదురుగా కూచుని మాట్లాడటం మాత్రం మానేసింది. నాన్న షెడ్డు మూసేసి బియ్యం మిల్లులో పనికి చేరాడు, మళ్ళీ ఏ కారూ ముట్టుకోలేదు. నాతో ఆ రోజు గురించి ఒక్క మాటైనా అనకుండానే పోయాడు.

ఇప్పుడు ఆ షెడ్డున్న చోట సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. ఆ కార్లు నగరంలో ఎక్కడా కనిపించవు, కమాను చేత్తో వంచే మనుషులూ లేరు. నిరుడు అమ్మ మంచం మీద ఉన్నప్పుడు, కాళ్ళు పడుతుంటే అంది: "మీ నాన్న మంచోడేనే అమ్మీ. ఒట్టి పిరికోడు, అంతే."

నేను కాళ్ళు పడుతూనే ఉన్నాను. ఆ రోజు నాన్నని వెళ్ళనివ్వకుండా పట్టుకున్నది నేనేనని రేపు చెబుదామనుకున్నాను. నాలుగు రోజులకి అమ్మ పోయింది.