కండె అడిగిన చెయ్యి

మా ఆసుపత్రిలో నా గది ఫ్యాను టక్, టకటక్ అని కొట్టుకుంటుంది. బాగు చేయించమని చాలాసార్లు అడిగాను. తిరుగుతోంది కదా అన్నారు. తిరగడం లేదని నేనెప్పుడూ అనలేదు.

కోవిడ్ తగ్గిన మరుసటి ఏడు, తిరుపతిలోని ఆ గదికే నగరి నుంచి మునిరత్నాన్ని తీసుకొచ్చారు. నేను స్పీచ్ థెరపిస్టుని. పక్షవాతంతో ఆయనకు అఫేసియా వచ్చింది. అంటే నోరు, చెవులు బాగానే ఉంటాయి, మాట మాత్రం దొరకదు. కొడుకు శేఖర్‌కు మరమగ్గాలున్నాయి. కాళ్ళతో తొక్కే గుంటమగ్గం మీద నేసిన కాలం తండ్రిది, పక్కన కూర్చుని నూలు చుట్టిచ్చిన కాలం తల్లిది.

"ఆ మగ్గం మాటలు మా ఇంట్లో మా ఇద్దురికే వచ్చు సార్. ఈయన మూగబోతే నేను ఎవురితో అనుకునేది?" అంది సరోజమ్మ మొదటి రోజే.

నేమింగ్ టెస్ట్ అంటే బొమ్మ చూపించి పేరడగడం. గొడుగు, కప్పు, పెన్ను చూపించాను. పిలవని పెళ్ళికొచ్చిన చుట్టాల్ని చూసినట్టు చూశాడాయన. వారాలు గడిచాయి. ఇంక ఆపేద్దామా అన్నాడు శేఖర్.

ఆ రోజు నేను కార్డులు సర్దుకుంటుంటే పెద్దాయన ఎడమ కాలు కదిలింది. ఫ్యాను దెబ్బకొక తొక్కు. ఎడమ చెయ్యి గాల్లో ఏదో తాడు లాగుతోంది.

"నేస్తా ఉండాడు!" అంది సరోజమ్మ.

కాలు ఉన్నట్టుండి ఆగింది. తల తిప్పకుండానే చెయ్యి ఆమె వైపు చాచాడు. అలవాటు చొప్పున ఆమె అందింది అందులో పెట్టేసింది. అది నా పెన్ను.

ఆయన దాన్ని వేళ్ళతో తడిమి, కింద పడేశాడు.

"ఇది గాదు... కండె."

"ఏందమ్మా అది?" అన్నాడు శేఖర్.

"నాడెలో పెట్టే నూలు చుట్టరా!"

"ఓ, షటిల్లో పెట్టే పిర్నా?"

"నువ్వేమన్నా అనుకో. ఏమయ్యా, ఇంకేం గావాల?"

"నాడె యాడ?" అన్నాడాయన. కాసేపటికి "పన్నె." ఆ తర్వాత "ఆసు." అన్నీ మగ్గం సామాన్ల పేర్లే, ఒకదాని కొస పట్టుకుని ఇంకొకటి వచ్చింది. సరోజమ్మ ఏడుస్తూనే ప్రతిదానికీ ఊఁ కొట్టింది. సరైన జవాబుకు టిక్కు పెట్టాల్సినవాణ్ని నేను. జవాబు సరైనదో కాదో ఆమెనడిగి పెట్టాను.

వారం తిరక్కుండా శేఖర్ అటక మీది పాత మగ్గం సామాను సంచిలో వేసుకొచ్చాడు. వాటితో అతనికీ అదే పరీక్ష పెట్టాను. మార్కుల ప్రకారం అతనికీ అఫేసియా ఉండాలి. నాకూ ఉండాలి.

మాట తల్లోనే ఉంటుందని చదువుకున్నాను. కొంత కాళ్ళలోనూ, కొంత పక్కన కూర్చున్న మనిషి చేతిలోనూ ఉంటుందని ఆ గదిలో చూశాను. ఇప్పుడు ఎవరొచ్చినా ముందు ఏం పని చేసేవారని అడుగుతాను. కార్డులు తర్వాత.

చివరిసారి వచ్చినప్పుడు పెద్దాయన తన పేరూ, ఊరూ, భార్య పేరూ చెప్పాడు. శేఖర్ కండె, నాడె అంటూ తడుముకుంటూ అప్పజెప్పాడు. ఈ ఫ్యాను చలవేనండీ ఇదంతా అన్నాను.

మునిరత్నం గుమ్మం దగ్గర ఆగి పైకి చూశాడు.

"దానికి... నూనె ఎయ్యప్పా. సెవులు పోతా ఉండాయి."